పచ్చి రంగులు

లిమోజ్, 1889 ఫిబ్రవరి 10

చెల్లీ నోయెమీ,

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి నీ ఉత్తరం గుమ్మంలో పడి ఉంది. శాలువా తియ్యకుండానే చదవమని కూర్చుంది అమ్మ. చదివాను. నాకు సగం అర్థమైంది, ఆవిడకి ఆ సగం కూడా లేదు. అయినా "ఎంత బాగా రాసిందే పిచ్చితల్లి" అని కళ్లు తుడుచుకుంది. నేను పింగాణీ ఫ్యాక్టరీలో పదకొండు గంటలు నడుం వంచి వచ్చి ఏం చెప్పినా ఊ కొట్టే ఓపిక మాత్రం ఆవిడకి ఉండదు.

అయితే బొమ్మల్లో మళ్లీ మతం మార్చావన్నమాట. నేను వేళ్లమీద లెక్కపెడుతూనే ఉన్నాను. మొదట ఆ పెద్ద మాస్టారి స్టూడియోలో చేరావు. నీడంటే గోధుమరంగు, కుంచె జాడ కనపడితే తప్పు, చర్మం మైనంలా ఉండాలి, గ్రీకు దేవతల కథ తప్ప కథే కాదు అన్నావు. రెండేళ్లకి గొడుగూ మడతకుర్చీ పట్టుకుని పొలాలమీద పడ్డావు. నలుపన్నదే లోకంలో లేదక్కా, నీడ ఊదాగా ఉంటుంది, సూర్యుడు మబ్బులోకి వెళ్లేలోపు బొమ్మ అయిపోవాలి అన్నావు. ఆ పైన చుక్కలు పట్టుకున్నావు. నీలం చుక్క పక్కన నారింజ చుక్క, కలుపుకోవలసింది చూసేవాడి కన్నేనట! ఒక్క చెట్టుకి ఆరు వారాలు పట్టించావు. ఇప్పుడు చుక్కలు చచ్చిపోయాయట. చర్చి కిటికీ అద్దాల్లాగా చదును రంగు, చుట్టూ లావుపాటి నల్లగీత. ఆరేళ్లలో నాలుగు మతాలు. నాకు పెళ్లై ఉంటే మొగుణ్ణయినా ఇంత తొందరగా మార్చేదాన్ని కాదు.

నేను మాత్రం ఇరవై ఒక్కేళ్లుగా ఒకటే గులాబీ వేస్తున్నాను. ఐదు రేకులు, ఒక మొగ్గ, రెండాకులు. రోజుకి నలభై పళ్లేలు. నీకు పెన్సిల్ పట్టుకోవడం నేర్పింది నేను. పారిస్ వెళ్లింది నువ్వు. నువ్వు గాలిలో నిలబడి వేసిన ఆ నది బొమ్మని అమ్మ తన మంచం పైన గోడకి తగిలించింది. నా పళ్లేలలో సూపు తాగుతుంది. నాకు కుళ్లుగా ఉంది, దాచుకోవడం ఎందుకు? చూడ్డానికని, తినడానికి కాదు, నేను వేసినది ఒక్కటైనా ఉండాలి. ఎవరైనా దాని ముందు ఆగాలి. అంతే నాకు కావలసింది.

అందుకే ఫ్యాక్టరీ నుంచి ఒక పింగాణీ పలక తెచ్చుకున్నాను. వంకర ఉందని అవతల పడేశారు. అమ్మ బొమ్మ మొదలుపెట్టాను. నవ్వకు.

నీ అక్క,
ఓదిల్


పారిస్, మార్చి 3

అక్కా,

నవ్వాను. పెళ్లి మాటకి మాత్రమే, పలకకి కాదు. అది మా గుంపుకి పెద్దదిక్కు గాస్పార్‌కి చదివి వినిపిస్తే గడ్డంలో వైన్ ఒలకపోసుకున్నాడు.

కానీ మతాలు అనకే. అవి మెట్లు. పెద్ద మాస్టారు మాకు చెయ్యి నేర్పాడు, కన్ను మూసేశాడు. పొలాల్లోకి వెళ్లాక కన్ను తెరుచుకుంది. చుక్కలవాళ్లు కంటికి లెక్కలు చెప్పారు. కంటికి కనపడింది కనపడ్డట్టు వేసి, వేసి, చివరికి తెలిసిందేమంటే అది చాలదని. ఇంటికొచ్చి కళ్లు మూసుకుంటే ఏం మిగిలిందో అది వెయ్యాలి. మిగిలేది కొంచెమే. ఒక ఆకారం, రెండు రంగులు, చుట్టూ ఒక గీత. అంతే. అదే కష్టం.

ఆ గీత నాకింకా రాలేదక్కా. వేస్తే ఇనపచువ్వలా ఉంటోంది. "నీ గీత భయపడుతోంది, ఎవరైనా చూస్తారేమో అని చుట్టూ చూసుకుంటూ నడుస్తోంది" అంటాడు గాస్పార్. రోజూ అంటాడు. బొమ్మ గోడకి తిప్పిపెట్టి పోయి పడుకుంటాను.

నువ్వు మాత్రం దిగులుపడకు. నీ పనీ పనే. గులాబీ వేసే చెయ్యి అందరికీ ఉండదు. అమ్మ బొమ్మ వెయ్యి, సరదాగా ఉంటుంది. అయ్యాక పంపు, మావాళ్లకి చూపిస్తాను. నదిబొమ్మ ఎండ తగిలేచోట లేదు కదా? అమ్మకి చెప్పు.

ముద్దులతో,
నోయెమీ


లిమోజ్, ఏప్రిల్ 7

నోయెమీ,

"సరదాగా ఉంటుంది" అన్నావు. నెల రోజులుగా ఆ మాట పంటికింద రాయిలా తగులుతూనే ఉంది. సరదాకి కాదే నేను వేసింది. తొమ్మిది ఆదివారాలు వంటింటి కిటికీ దగ్గర కూర్చోబెట్టాను అమ్మని. చెస్ట్‌నట్లు ఒలుస్తూ ఉంటే తప్ప ఆవిడ కదలకుండా ఉండదు, అందుకని తొమ్మిది ఆదివారాలు అవే తిన్నాం. ఇద్దరికీ కడుపులో మంట.

పెట్టె రైల్లో వస్తుంది. పైకెత్తేటప్పుడు అంచులే పట్టుకో. రంగు ఇంకా పచ్చిది, బట్టీ ఎక్కలేదు. వేలు తగిలితే తుడిచిపెట్టుకుపోతుంది. నీకు తెలియనిది కాదు, చిన్నప్పుడు నా పళ్లెం ఒకటి అలా పాడుచేసి అమ్మచేత తన్నులు తిన్నావు కూడా. ఇక్కడ కాల్చుకుందామంటే ఫోర్‌మన్ బ్లాంద్యో ఒప్పుకోడు. సొంతపని బట్టీలో దొరికితే ఉద్యోగం ఊడుతుంది. మీ వీధి చివర, టీ కప్పులమీద పూలు వేసుకునే మేడమ్‌ల కోసం బట్టీ నడిపే ముసలాయన ఉన్నాడని రాశావు. ఆయనకివ్వు.

మూత తీశాక బెదిరిపోకు. ఇప్పుడున్నది చూస్తే నాకే నవ్వొస్తుంది. బుగ్గల గులాబీరంగు ఇప్పుడు బురదపట్టిన ఊదాలా ఉంటుంది. రవికె మురిక్కాలవలా ఉంటుంది, కాల్చాక ఎర్రబడుతుంది. రాజుల పళ్లేలకి పూలచుట్టూ బంగారుగీత గీస్తాం కదా, అమ్మ చుట్టూ అలాగే గీశాను. టోపీకి, వేళ్లకి, ఒళ్లో గిన్నెకి, ప్రతి మడతకీ. అంత బంగారం ఎక్కడిదని అడక్కు. పచ్చి బంగారం తారులా నల్లగా ఉంటుంది. బట్టీలోంచి వచ్చాక దానికి మెరుగు పెట్టాలి, నా మెరుగురాయి పెట్టెలో పెడుతున్నాను, జాగ్రత్త. నీ కన్ను ఉన్నది చూస్తుంది. నేను ఇరవై ఒక్కేళ్లుగా లేని రంగు చూసి వేస్తున్నాను. మీవాళ్లకి అది చెప్పు. వాళ్లకి ఇది ఏ మెట్టో అడుగు.

కాల్చాక ఎక్కడో ఒకచోట, ఒక్కరోజైనా, గోడకి తగిలించు. ఒక్కరైనా ఆగారో లేదో రాయి. ఆగకపోతే ఆగారని అబద్ధం రాయకు.

ఓదిల్


పారిస్, మే 21

అక్కా,

ముందు తిట్టకు. పూర్తిగా చదివి తిట్టు.

నేను నెలన్నర బ్రెతాన్య్‌లో, సముద్రం ఒడ్డున ఉన్నాను. నీ పెట్టె వచ్చేసరికి స్టూడియోలో గాస్పార్ వాళ్లు ఉన్నారు. తెరిచారు. నీ ఉత్తరం వేరేగా వచ్చి నా కాగితాల్లో ఉండిపోయింది. లోకమంతా ఇనప టవర్ చూడ్డానికి పారిస్ వచ్చి పడుతుంటే, ఆ పెద్ద ప్రదర్శన హాలులో మాకు జానెడు గోడ కూడా ఇవ్వలేదు. అందుకని మావాళ్లు వైన్‌కొట్టు వెనకగది అద్దెకి తీసుకుని మా బొమ్మలు పెట్టారు. నేను రైలు దిగి తిన్నగా అక్కడికి వెళ్లాను. గది మధ్య గోడమీద, అందరికంటే మంచిచోట, గాజు బిగించి, అమ్మ.

పచ్చిగా, అలాగే. నల్లగీతతో, బురద బుగ్గలతో.

గాస్పార్ నా భుజాలు పట్టుకుని ఊపేశాడు. "ఎవరీవిడ? మూడేళ్లుగా మేం తలలు బాదుకుంటున్నది ఈవిడ ఎక్కడ నేర్చుకుంది? ఆ గీత చూడు, ఎవరికీ జవాబు చెప్పుకోదు! ఆ బుగ్గ రంగు చూడు, ఎవరైనా వెయ్యగలరా, ముసలితనం అంటే అదీ!" అని. మా అక్క అన్నాను. పింగాణీ ఫ్యాక్టరీలో గులాబీలు వేస్తుంది అన్నాను. చిన్నప్పట్నుంచీ నీ పక్కన కూర్చుని చూసినదాన్ని కదా, ఇది పచ్చిబొమ్మ, నల్లగీత కాదు బంగారం, బుగ్గలు గులాబీరంగుకి తిరుగుతాయి, కాల్చాలి అన్నాను. "అయితే ఎప్పటికీ కాల్చొద్దు" అన్నాడు గాస్పార్.

నవ్వులాటకి అనుకున్నాను. కాదు. రోజూ ఎవరో ఒకరు దాని ముందు నిలబడే ఉంటున్నారు. బట్టీ ముసలాయనతో మంగళవారానికి మాట్లాడాను. ఏం చెయ్యను? కాల్పించనా, ప్రదర్శన అయ్యేదాకా ఉంచనా?

నోయెమీ


లిమోజ్, మే 25

ఏమే, నా మొహం చూసి ఎగతాళి చేస్తున్నారా మీరంతా?

ఉడకని కూర ముందుపెట్టి ఆహా ఓహో అంటే వంటమనిషికి ఎలా ఉంటుంది? అమ్మ బుగ్గలు బురదలా ఉంటే ముసలితనమా? ఆవిడ బుగ్గలు ఆపిల్ పళ్లలా ఉంటాయి, మీ గాస్పార్‌ని వచ్చి చూసుకోమను. పారిస్ వాళ్లకి పని లేదు, పాటు లేదు. వెంటనే తీసి కాల్పించు. మంగళవారమే.

(సాయంత్రం. పైది పొద్దున రాశాను, పోస్టు చెయ్యలేదు.)

ఇన్నాళ్లుంది కదా, ఇంకొన్నాళ్లు ఉంటే ఏం? ప్రదర్శన అయ్యాక కాల్పిద్దాం. ఈలోగా ఆ గడ్డం మనిషి ఏమన్నాడో మాట పొల్లుపోకుండా రాయి. "ఎవరికీ జవాబు చెప్పుకోదు" అన్న తర్వాత ఇంకేమైనా అన్నాడా? రోజూ ఎవరో నిలబడుతున్నారన్నావు, ఎంతసేపు? టోపీ తీసి నిలబడుతున్నారా, మామూలుగానేనా? మొహమాటపడకుండా అన్నీ రాయి.

నీ బొమ్మలు కూడా పెట్టావా?

ఓదిల్


పారిస్, జూన్ 19

అక్కా,

పేపరు ముక్క పంపుతున్నాను. చిన్న పత్రికే, కానీ మావాళ్లంతా చదువుతారు. నీ గురించి ఉన్నచోట గీత పెట్టింది గాస్పార్. "లిమోజ్ నుంచి వచ్చిన ఈ కార్మికురాలి చెయ్యి ఎక్కడా చదువుకోలేదు, అదే దాని అదృష్టం. తల్లి చుట్టూ ఆమె గీసిన నల్లగీత పక్కన మిగతా గోడంతా బడిపిల్లల పలకలా ఉంది."

మిగతా గోడ అంటే మేము. నా బొమ్మ నీ పలకకి ఎడంపక్కన ఉంది. వచ్చినవాళ్లు నీది చూడ్డానికి వెనక్కి జరుగుతూ నా బొమ్మకి వీపు ఆనిస్తున్నారు. నిన్న ఒకాయన కోటుకి నా సముద్రం కొంచెం అంటుకుంది, నీలం. ఆయన క్షమాపణ కూడా గోడకే చెప్పాడు.

టోపీలు తీస్తున్నారు. చాలనుకుంటాను.

నోయెమీ


లిమోజ్, జులై 2

నా చిట్టిచెల్లీ,

పేపరు ముక్క నలిగి చిరుగుపట్టింది. ఫోర్‌మన్ బ్లాంద్యో కళ్లజోడు తెచ్చుకుని రెండుసార్లు చదివి, "ఓదిల్, నువ్వేనా?" అన్నాడు. ఇరవై ఒక్కేళ్లలో ఆయన నా పేరు పలకడం నేనెప్పుడూ వినలేదు. మా బల్లమీద అమ్మాయిలంతా మూగారు. ఆ రోజు గులాబీలు ముప్పై ఒకటే వేశాను, ఎవరూ అడగలేదు.

ఇప్పుడు తీరిగ్గా ఆలోచిస్తే నాకో విషయం తెలిసింది. ఆ బొమ్మ పచ్చిగానే ఉండాలని నాకు మొదట్నుంచీ మనసులో ఉంది. ఏదో ఫ్యాక్టరీ అలవాటుకొద్దీ కాల్చమని రాశానుగానీ, నలుపు నలుపుగా ఉండాలనే గీశాను. అమ్మ బుగ్గలు అంత ఎర్రగా ఏమీ లేవు, బాగా చూస్తే ఊదాగానే ఉంటాయి. కాబట్టి కాల్చొద్దు. ముసలాయనతో అవసరం లేదని చెప్పెయ్. ప్రదర్శన అయ్యాక గాస్పార్ గారి దగ్గర ఉంచు, గాజు తియ్యకుండా.

నీ గీత భయపడుతోందన్నావు. అక్కగా ఒక మాట చెబుతాను, పెడర్థం తీసుకోకు. నువ్వు ఎక్కువ ఆలోచిస్తావు. మెట్లు మెట్లని ఎక్కుతూ పోతావు. గీతని నమ్మి వదిలెయ్యాలి. నేను వదిలేశాను చూడు. కావాలంటే సెప్టెంబరులో నాలుగు రోజులు ఇక్కడికి రా, కూర్చోబెట్టి చూపిస్తాను. చిన్నప్పుడు నేర్పలేదా?

గాస్పార్ గారికి నా నమస్కారాలు.

ప్రేమతో,
ఓదిల్


పారిస్, జులై 9

అక్కా,

నువ్వు ఏప్రిల్ 7న రాసిన ఉత్తరం ప్రకారం బొమ్మ కాల్పించాను. మెరుగు పెట్టాను. ఒక్క పగులు లేకుండా వచ్చింది. రైల్లో వేశాను, మెరుగురాయి కూడా పెట్టెలోనే ఉంది.

నోయెమీ


పారిస్, ఆగస్టు 24

అక్కా,

ఆరు వారాలైంది. పెట్టె చేరిందనైనా రాయలేదు. అమ్మకి ఉత్తరం రాస్తే ఎవరిచేతనో రాయించి పంపింది, "అక్క నీ పేరెత్తడం లేదు" అని. ఎత్తకు. కానీ ఇది చదువు.

నీ జులై ఉత్తరం నాకు అందలేదని అబద్ధం చెప్పడానికి నాలుగు కాగితాలు చించాను. అందింది. నేను ప్రదర్శన గది నుంచి పలక తీసుకుని స్టూడియోకి నడుస్తుంటే పోస్టుమన్ వీధిలోనే ఇచ్చాడు. నిలబడి చదివాను. "చిట్టిచెల్లీ" దగ్గర మొదటిసారి ఆగాను. "నేను వదిలేశాను చూడు" దగ్గర రెండోసారి. నీ ఏప్రిల్ ఉత్తరం నా దగ్గరుందే! బురదపట్టిన ఊదా అని, నాకే నవ్వొస్తుందని నీ చేత్తో రాశావు. మూడు నెలల్లో అదంతా కావాలనే చేశానని నాకే పాఠం చెబుతున్నావు. ఇంటివైపు తిరగలేదు. తిన్నగా వీధి చివరికి వెళ్లాను. ముసలాయన గాజు తీసి, పచ్చిరంగు చూసి, "కాల్చమంటారా అమ్మా?" అన్నాడు. నీ ఉత్తరం నా చేతిలోనే ఉంది. కాల్చమన్నాను.

కోపంతో చేశానని అప్పుడు అనుకున్నాను. కోపం అయితే రెండు రోజుల్లో పోయేది. అది కుళ్లు, అక్కా. ఆ మాట రాయడానికి ఆరు వారాలు పట్టింది.

ఆ గీత కోసం నేను పెద్ద మాస్టారిని వదిలాను, పొలాలు వదిలాను, చుక్కలు వదిలాను. పెళ్లి వదిలాను, అమ్మని వదిలాను. నువ్వు బంగారం వైపు చూస్తూ ఉంటే అది వచ్చి నీ చేతికింద కూర్చుంది. నీకు అవసరం కూడా లేదు దాంతో! నువ్వు దాన్ని తారు అన్నావు. నేను నీ పలక ముందు నిలబడి ప్రతిరోజూ చూశాను, పైకి నవ్వుతూ. అమ్మ బొటనవేలి చుట్టూ నువ్వు తిప్పిన గీత ఒకటుంది, చెస్ట్‌నట్ తొక్క ఊడే చోట. దాన్ని నా నోటుపుస్తకంలో ముప్పైసార్లు దొంగతనంగా వేశాను. రాలేదు. గాస్పార్ నా బొమ్మలు చూసేటప్పుడు పైపులో పొగాకు కూరుకుంటూ చూస్తాడు. నీ పలక చూస్తూ కూరుకోవడం మర్చిపోయాడు, ఒళ్లో అంతా ఒలికింది.

కాల్చింది తెచ్చి చూపిస్తే అతను ఒక్క నిమిషం చూశాడు. "బాగుంది" అని తన పనిలో పడ్డాడు. నాకు సంతోషమేసింది. మా మెట్లు ఎక్కి గదికి చేరేవరకు ఉంది ఆ సంతోషం. తలుపు వేసుకున్నాక బంగారం మీద నేను గంటసేపు రాసిన మెరుగు చూశాను. ఎంత శ్రద్ధగా పెట్టానో! నీ ఫ్యాక్టరీలో కూడా అంత బాగా పెట్టి ఉండరు. అప్పుడు ఏడ్చాను.

నిన్ను క్షమించమని అడగను. అడిగే మొహం లేదు.

నోయెమీ


లిమోజ్, సెప్టెంబర్ 15

నోయెమీ,

పెట్టె జులైలోనే చేరింది. తెరిచి చూసి మంచం కిందకి తోసేశాను. నువ్వు కనపడితే పీక పిసికేదాన్ని. మూడు వారాలు ప్రతి గులాబీకీ నిన్ను తిట్టుకుంటూ వేశాను, దారినపోయే మేడమ్‌లు వాటిలో కేకు ఎలా తింటారో మరి.

ఏం చూశానో చెప్పనా? నేను అనుకున్నట్టే వచ్చింది. తొమ్మిది ఆదివారాలు నా కళ్లకి కనపడ్డది, ఒక్క ఛాయ తేడా లేకుండా. బుగ్గలు ఆపిల్ పళ్లు. రవికె ఎరుపు. గీతలు ధగధగ. అమ్మ మురిసిపోయింది, "నా చేతులు ఇంత తెల్లగా ఉంటాయా!" అని పక్కింటివాళ్లని పిలిచి చూపించింది. వాళ్లూ బాగుందన్నారు. నేను చూస్తే అది మిఠాయిడబ్బా మూతలా ఉంది. కాల్చకముందు నాకు ఆ సంగతి తెలియదు. ఇప్పుడు తెలిసింది, ఇక తెలియకుండా ఉండదు. అదీ నువ్వు నాకు చేసింది.

జులైలో రాసిందంతా అబద్ధమే. కావాలని గియ్యలేదు. నల్లగీత నాకు కనపడనే లేదు, గీస్తున్నంతసేపూ అది నాకు బంగారమే. నీ చేతిలో నా ఏప్రిల్ ఉత్తరం ఉందని తెలిసి కూడా ఎలా రాశానో నాకే తెలియదు. మనల్ని ఒకళ్లు టోపీ తీసి చూస్తున్నారంటే ఏమైనా రాయాలనిపిస్తుంది.

ఆగస్టులో మళ్లీ ప్రయత్నించాను. నాలుగు పలకలు. అదే కిటికీ, అదే అమ్మ, అవే పచ్చిరంగులు, ఈసారి నలుపుని నలుపు అనుకునే గీశాను. నాలుగూ గడ్డితో తోమి కడిగేశాను. గీత చుట్టూ చూసుకుంటూ నడిచింది. గాస్పార్ అన్నది నీ గీత గురించి కాదేమో, చూస్తున్నారని తెలిసిన ఏ గీతయినా అంతేనేమో. ఇక నాకది రాదు. నీకైనా వస్తుందేమో చూడు, నువ్వు చిన్నదానివి, ఇంకా వదిలెయ్యడానికి నీ దగ్గర చాలా ఉన్నాయి.

క్షమించానని రాయమని అమ్మ గొణుగుతోంది. క్షమించలేదు. వచ్చే ఏడు చూద్దాం.

కానీ నీ ఆగస్టు ఉత్తరం సంగతి ఒకటి చెప్పాలి. పేపరు ముక్క చిరిగిపోయింది, ఫోర్‌మన్ మళ్లీ నా పేరు మర్చిపోయాడు. నీ ఉత్తరం మాత్రం నా పనిబల్ల సొరుగులో, బంగారం సీసా పక్కన ఉంది. భోజనాల గంట కొట్టాక అందరూ లేచిపోతే తీసి చదువుకుంటాను. నేను పుట్టి ముప్పై ఎనిమిదేళ్లైంది. అందరినీ చూసి నేను కుళ్లుకోవడమేగానీ, నన్ను చూసి ఎవరైనా కుళ్లుకోవడం ఇదే మొదటిసారి. అదీ పారిస్‌లో, పనెరిగిన మనిషి. ముప్పైసార్లు దొంగతనంగా వేసిందట నా గీతని! టోపీలు తీసినవాళ్లంతా కలిపి నాకు ఇవ్వనిది నువ్వొక్కదానివే ఇచ్చావు, నీ దుంప తెగ.

అయితే మరీ హడావిడిగా రాశావే. బొటనవేలి దగ్గర గీత ఒక్కటే చెప్పావు. టోపీ అంచు సంగతేమిటి? గిన్నె మీద చెయ్యి? మొదటిరోజు గదిలోకి అడుగుపెట్టగానే నీకు ఎక్కడ మండింది, కడుపులోనా, గొంతులోనా? పైకి నవ్వుతూ నిలబడ్డ రోజుల్లో ఏ రోజు మరీ దుర్భరంగా ఉంది?

కూర్చుని, తీరిగ్గా, మొదట్నుంచీ మళ్లీ రాయి. ఏదీ వదలకు.

నీ అక్క,
ఓదిల్